ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నా ఫొటో ఎందుకు మారదు? లెన్సు, సెట్టింగుల లెక్క

సంక్షిప్తంగా: ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (పాత ఫిల్ము ముక్కంత పెద్దదైన, వెలుతురు పట్టే చిప్) ఎక్కువ వెలుతురు పట్టుకోగలదు, కానీ ఆ వెలుతురును లోపలికి పంపాల్సింది లెన్సు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ కెమెరా మీద ఎఫ్ 1.8 లెన్సు వాడినవారు కొత్త ఫుల్‌ఫ్రేమ్ బాడీకి (లెన్సు కాక మిగిలిన కెమెరాకు) ఎఫ్ 5.6 జూమ్ తగిలిస్తే రాత్రి ఫొటోలు మునుపటికన్నా గ్రెయిన్‌తో, అంటే ఇసుక చల్లినట్టు గరుకుగా రావచ్చు. లెన్సు ఎంచుకునేటప్పుడు ముందు దూరం, తర్వాత వెలుతురు చూసుకోవాలి. సెట్టింగుల్లో ముందు షట్టర్ స్పీడు (వెలుతురు లోపలికి వచ్చే కాలం), ఆ తర్వాత అపెర్చర్ (లెన్సు రంధ్రం తెరుచుకునే వెడల్పు), చివర ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తేల్చుకోవాలి. సీమ ఎండ, దుమ్ము, ఎల్‌ఈడీ మండపాలు ఈ లెక్కను ఇంకొంత మారుస్తాయి.

కొత్త బాడీ, కొత్త సందేహాలు

ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా కొత్తదేమీ కాదు. కెనాన్ 2002లోనే 1డీఎస్ తెచ్చింది. 2005లో వచ్చిన 5డీతో అది మామూలు స్టూడియోలకూ అందే అవకాశం కలిగింది. సోనీ 2013లో ఏ7తో అద్దం లేని (మిర్రర్‌లెస్) ఫుల్‌ఫ్రేమ్‌ను మొదలుపెట్టింది. 2018లో కెనాన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జెడ్6, జెడ్7 వచ్చాక చాలా కంపెనీలు అటువైపే నడిచాయి. లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ మార్చాల్సి వచ్చిన ఫొటోగ్రాఫర్ సహజంగానే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ వైపు చూస్తున్నాడు.

కర్నూలు, అనంతపురం, కడపల్లో పెళ్లిళ్లు, ఉత్సవాలు, ప్రీ వెడ్డింగ్ షూట్లు తీసేవారికి ఇది పెద్ద ఖర్చు. బడ్జెట్‌లో ఎక్కువ భాగం బాడీకే పోతుంది. మిగిలిన దాంతో బాడీతో పాటు వచ్చే జూమ్ తీసుకుంటారు. మొదటి పెళ్లి సీజన్ పూర్తయ్యేసరికి మూడు ఫిర్యాదులు వస్తాయి. ఫొటోల్లో గ్రెయిన్ తగ్గలేదు. ఇద్దరిలో ఒక్కరే షార్ప్‌గా ఉన్నారు. మండపం ఫొటోల నిండా అడ్డంగా నల్ల చారలు. మూడింటికీ కారణాలు వేరు. మూడింటినీ కొనకముందే ఊహించవచ్చు.

సెన్సర్ పెద్దదైతే ఏం మారుతుంది

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మిల్లీమీటర్లు, పాత 35 ఎంఎం ఫిల్ము ముక్కంత. నికాన్, సోనీ క్రాప్ సెన్సర్లు సుమారు 23.5 × 15.6, కెనాన్‌వి ఇంకాస్త చిన్నవి. వైశాల్యంలో ఫుల్‌ఫ్రేమ్ రెండింతలకు పైనే ఉంటుంది. ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ స్పీడు పెడితే ఫుల్‌ఫ్రేమ్ మీద పడే మొత్తం వెలుతురు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వెలుతురు రెండింతలైతే ఒక స్టాప్ అంటారు, ఇక్కడ ఒక స్టాప్‌కు కొంచెం ఎక్కువ లాభం అన్నమాట. బాడీ మార్చినందుకు దక్కే ముఖ్యమైన లాభం అంతే.

ఈ లాభం నిలబడాలంటే ఎఫ్ నంబరు మారకూడదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎఫ్ నంబరు అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు మీద ఎంఎంలో రాసి ఉండే అంకెను) దాని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు రంధ్రం దాదాపు 28 మిల్లీమీటర్లు. క్రాప్ బాడీ మీద ఈ లెన్సు చూపే దృశ్యం ఫుల్‌ఫ్రేమ్‌లో 75 ఎంఎంతో కనిపించేదానికి సమానం. ఇప్పుడు ఫుల్‌ఫ్రేమ్ బాడీకి జూమ్ తగిలించి, 75 ఎంఎం దగ్గర పెట్టి, అక్కడ అది ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదనుకుందాం. రంధ్రం వ్యాసం 13 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. అదే మనిషి, అదే ఫ్రేమ్, అదే షట్టర్. అయినా పాత క్రాప్ కెమెరాకు చేరిన వెలుతురులో నాలుగో వంతు కూడా కొత్తదానికి చేరదు. పెద్ద తొట్టి కట్టించి దానికి సన్న పైపు పెట్టినట్టు ఉంటుంది.

అందుకే లక్షల రూపాయల బాడీతో తీసిన ముహూర్తం ఫొటో కన్నా పాత బాడీ, చవక ప్రైమ్ (జూమ్ కాని) లెన్సుతో తీసినదే శుభ్రంగా కనిపించవచ్చు. బడ్జెట్ తక్కువైతే కొంచెం పాత ఫుల్‌ఫ్రేమ్ బాడీ, మంచి లెన్సు అనే జోడీ, కొత్త బాడీ, కిట్ జూమ్ అనే జోడీ కన్నా అన్ని విధాలా మేలు.

పాత లెన్సులు పనికొస్తాయా

పనికొస్తాయి, కొన్ని షరతులతో. మిర్రర్‌లెస్ బాడీలో అద్దం ఉండదు కాబట్టి లెన్సు బిగించే వలయం సెన్సర్‌కు దగ్గరగా ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో ఈ దూరం 44 మిల్లీమీటర్లు, కొత్త ఆర్ఎఫ్‌లో 20. నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5, జెడ్‌లో 16. ఈ తేడాను అడాప్టర్ పూడుస్తుంది. అందుకే పాత లెన్సు కొత్త బాడీకి ఎక్కుతుంది, కొత్త లెన్సు పాత బాడీకి ఎక్కదు.

కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఆర్ఎఫ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా బాగా పనిచేస్తాయి. నికాన్ వాడేవారు మాత్రం చూసి కొనాలి. స్టూడియోల్లో ఏళ్ల తరబడి నలిగిన 50 ఎంఎం ఎఫ్ 1.8డీ లాంటి లెన్సుల్లో మోటారు ఉండదు, బాడీలోని స్క్రూయే వాటిని తిప్పాలి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ స్క్రూ లేదు. లెన్సు ఎక్కుతుంది, ఫొటో వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. తలంబ్రాల వేళ అది కుదిరే పని కాదు.

క్రాప్ కోసం చేసిన లెన్సు తగిలిస్తే కొత్త బాడీ సెన్సర్ మధ్యభాగాన్నే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల బాడీ 10 మెగాపిక్సెళ్ల దగ్గరకు పడిపోతుంది. ఆల్బంలో రెండు పేజీల నిండా పరిచే ఫొటోకు అది చాలదు.

నిలబడే దూరం నుంచి లెన్సు ఎంపిక

వైడ్ (24 ఎంఎం లాంటి చిన్న అంకెల లెన్సు), టెలీ (200 ఎంఎం లాంటి పెద్ద అంకెల లెన్సు) అనే మాటలు దృశ్యం వెడల్పును మాత్రమే సూచిస్తాయని చాలామంది అనుకుంటారు. ఫొటోలో వస్తువుల మధ్య పొంతనను నిర్ణయించేది మాత్రం మనం నిలబడిన దూరం. లేపాక్షి నంది దీనికి మంచి ఉదాహరణ. ఏకశిలా విగ్రహం, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. పక్క నుంచి ఆ పొడవంతా ఫుల్‌ఫ్రేమ్‌లో అంచు నుంచి అంచుకు పట్టాలంటే 24 ఎంఎంతో ఐదున్నర మీటర్ల దూరంలో, 35 ఎంఎంతో 8 మీటర్ల దూరంలో, 50 ఎంఎంతో 11 మీటర్లకు పైన నిలబడాలి. ఇక ముందువైపు ఏటవాలుగా 24తో దగ్గరకు వెళితే మూతి, మెడలోని గంటలు ముందుకు పొడుచుకొచ్చి, వెనకభాగం చిన్నదైపోతుంది. 50తో దూరం జరిగితే శిల్పి చెక్కిన కొలతలు అలాగే నిలుస్తాయి. చుట్టూ ఆవరణ ఉంది కాబట్టి వెనక్కి జరగడానికి చోటు దొరుకుతుంది. గుడి లోపల ఆ వెసులుబాటు ఉండదు. నాట్యమండపం కప్పు మీది విజయనగర కాలపు చిత్రాలకు 24 నుంచి 35 ఎంఎం వరకు తప్పదు. రంగుల చిత్రాల మీద ఫ్లాష్ వేయకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు సాధారణంగా ముందే అనుమతి తీసుకోవాలి. కాబట్టి చేత్తో పట్టుకుని, ఎఫ్ 2.8 లేదా 4, షట్టర్ 1/30 నుంచి 1/60, బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే అది ఆన్ చేసి తీయడమే దారి. బొమ్మలు కదలవు కనుక ఈ షట్టర్ సరిపోతుంది.

గండికోటలో దీనికి తిరగబడిన సమస్య. పెన్నా లోయ అంచుకు చేరగానే అందరూ దొరికినంత వైడ్ లెన్సు తీస్తారు. 14, 16 ఎంఎంలతో కాళ్ల దగ్గరి బండరాయి, పైన ఆకాశం ఫ్రేమ్‌లో సగానికి పైగా ఆక్రమిస్తాయి. వందల అడుగుల లోతున్న లోయ మధ్యలో ఒక గీతలా మిగులుతుంది. ముందు ఎర్రబండల అంచునే విషయం చేసుకుంటే తప్ప అంత వైడ్ అక్కర్లేదు. 24 నుంచి 35 ఎంఎం లోయ ఆకారాన్ని బాగా పట్టుకుంటుంది. 70 నుంచి 200 మధ్య లెన్సుతో నది మలుపును, పొరలు పొరలుగా పేర్చినట్టున్న గోడలను విడిగా తీస్తే ఆ చోటు స్వభావం ఇంకా తెలుస్తుంది. ట్రావెల్ ఫొటోల్లో ఇవే తక్కువగా కనిపిస్తాయి.

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు గడ్డిభూముల దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. బట్టమేక పక్షి కోసం ఏర్పాటైన ఆ అభయారణ్యంలో ఇప్పుడు ఫొటోగ్రాఫర్లకు ఎక్కువగా కనిపించేవి కృష్ణజింకలు, చలికాలంలో వచ్చే హ్యారియర్ డేగలు. 60 మీటర్ల దూరంలో 1.2 మీటర్ల పొడవున్న జింక, 400 ఎంఎం లెన్సుతో సెన్సర్ మీద 8 మిల్లీమీటర్ల బొమ్మగా పడుతుంది. బొమ్మ సైజు ఏ సెన్సర్ మీదైనా అంతే. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో ఆ 8 మిల్లీమీటర్లలో 1,350 పిక్సెళ్లు ఉంటే, అదే 24 మెగాపిక్సెళ్ల క్రాప్ బాడీలో 2,000 దాకా ఉంటాయి. వెలుతురు బాగున్న పగలు, దూరపు జంతువుకు క్రాప్ బాడీయే ఎక్కువ వివరం ఇస్తుంది. పక్షులు, జింకలే ప్రధానం అనుకునేవారు ఫుల్‌ఫ్రేమ్ కోసం తొందరపడాల్సిన పనిలేదు.

పెళ్లిలో అపెర్చర్: లాభం ఎక్కడ ఆగుతుంది

వెడల్పు అపెర్చర్ వెలుతురునిస్తుంది, బదులుగా ఫోకస్ లోతు తగ్గిస్తుంది. 85 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సుతో రెండు మీటర్ల దూరంలో ఉన్న పెళ్లికూతురిని తీస్తే షార్ప్‌గా వచ్చే మందం నాలుగున్నర సెంటీమీటర్లే. కంటి మీద ఫోకస్ పెడితే ముక్కుపుడక ఆ హద్దు మీద ఉంటుంది, చెవి కమ్మలు హద్దు దాటిపోతాయి. పక్కన కూర్చున్న పెళ్లికొడుకు ఒక జానెడు వెనక్కి వాలినా మసకే. "ఇద్దరిలో ఒక్కరే షార్ప్" అనే ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. ఆటోఫోకస్ తప్పు చేయలేదు, ఎంచుకున్న కంటినే పట్టుకుంది. ఎఫ్ 2.8కి వస్తే మందం 9 సెంటీమీటర్లు, ఎఫ్ 4కి 13 సెంటీమీటర్లు అవుతుంది. ఒక్కరి ముఖానికి 2, ఇద్దరికి 2.8 నుంచి 4 అనుకుంటే చాలా ఫొటోలు దక్కుతాయి.

బంధువుల గ్రూప్ ఫొటోకు 35 ఎంఎం, ఎఫ్ 5.6, నాలుగు మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే రెండున్నర మీటర్ల పై నుంచి దాదాపు 9 మీటర్ల వరకు షార్ప్‌గా ఉంటుంది. మూడు వరుసలకూ ధోకా లేదు. గ్రూప్‌కు 24 ఎంఎం వాడితే చివర నిలబడ్డవారి ముఖాలు, భుజాలు పక్కకు సాగిపోతాయి. మేనమామను అలా చూపిస్తే ఆల్బం ఇచ్చే రోజు మాట పడక తప్పదు.

ఎండలో ప్రకృతి దృశ్యాలకు ఎఫ్ 8 నుంచి 11 చాలు. గండికోటలో 24 ఎంఎం, ఎఫ్ 8తో రెండున్నర మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే మీటరుంబావు దూరం నుంచి దిగంతం దాకా షార్ప్‌గా వస్తుంది. "అంతా షార్ప్‌గా ఉండాలి" అని ఎఫ్ 22కి వెళితే చిన్న రంధ్రం అంచుల దగ్గర కాంతి చెదిరి మొత్తం ఫొటో మెత్తబడుతుంది. సెన్సర్ మీది దుమ్ము చుక్కలూ ఆ సెట్టింగులోనే ఆకాశంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ముందు షట్టర్, చివర ఐఎస్ఓ

మసక ఫొటోను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. గ్రెయిన్‌ను మాత్రం ఇప్పటి సాఫ్ట్‌వేర్లు బాగానే తగ్గిస్తాయి. ఏది ముందు తేల్చుకోవాలో దీన్నిబట్టే తెలుస్తుంది. ముందు కదలికకు తగ్గ షట్టర్ పెట్టాలి. కూర్చుని మంత్రాలు వింటున్న జంటకు 1/125, మాంగల్యధారణకు 1/200, గాల్లో బియ్యపు గింజలు విడివిడిగా కనపడాలంటే తలంబ్రాలకు 1/500. బాడీలోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది, ఎదుటివారి కదలికను ఆపదు. ఈ రెండింటినీ కలిపేసుకుని 1/30తో పెళ్లి తీసేవారు ఉన్నారు.

ఐఎస్ఓ పెంచితే గ్రెయిన్ వస్తుందన్న మాట సగమే నిజం. వెలుతురు కాంతికణాలుగా వచ్చి పడుతుంది. ఒక పిక్సెల్‌లో సగటున 100 కణాలు పడితే అందులో హెచ్చుతగ్గులు 10 వరకు ఉంటాయి, అంటే పదిశాతం. 10,000 పడితే హెచ్చుతగ్గులు 100, అంటే ఒక్క శాతం. గ్రెయిన్‌కు మూలం ఈ కొరత. ఐఎస్ఓ దాన్ని పైకి కనపడేలా చేస్తుంది. ఐఎస్ఓకు భయపడి ఫొటోను చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో లేపితే గ్రెయిన్ తగ్గదు. పైగా చాలా బాడీల్లో నీడల రంగులు పాడవుతాయి. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ బాడీలతో 6400 వరకు వెనకాడక్కర్లేదు.

దీనికి అసలైన పరీక్ష ఉత్సవాలు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రివేళ, పండు వెన్నెల కాసే రోజుల్లో జరుగుతుంది. వేదిక మీద వెలుగు బాగానే ఉంటుంది, కానీ ఫొటో తీసేవారు నిలబడే చోటు దూరం. అక్కడ 70-200 ఎఫ్ 2.8, 1/200, ఐఎస్ఓ 1600 నుంచి 3200 మంచి మొదలు. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో మాళ మల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం కర్రలతో కదిలే జనసముద్రానికి దివిటీల మంటే ప్రధాన వెలుతురు. కదలిక వేగం, వెలుతురు తక్కువ. 1/250 కన్నా దిగితే కర్రలు చారలవుతాయి, ఎఫ్ 1.8 ప్రైమ్‌తో కూడా ఐఎస్ఓ 6400 దాటవచ్చు. ఏటా అక్కడ దెబ్బలు తగులుతూనే ఉన్నాయి కాబట్టి వైడ్ లెన్సు పట్టుకుని జనంలోకి దూరడం కన్నా ఎత్తైన చోటు నుంచి టెలీ వాడటమే సరైన ఎంపిక.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు వేరే జాగ్రత్త కావాలి. దీపం తెర వెనక ఉంటుంది, రంగులు తోలు గుండా మనవైపు వస్తాయి. ముందు నుంచి ఫ్లాష్ వేస్తే తెర తెల్లబడి బొమ్మల రంగు మాయమవుతుంది. ఆటో మీటరింగ్ (కెమెరా తనంతట తానే వెలుతురు కొలవడం) తెల్లటి తెరను చూసి ఫొటోను చీకటి చేస్తుంది. మాన్యువల్‌లో 1/250, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200తో మొదలుపెట్టి తెర తెలుపు కాలిపోకుండా సర్దుకోవాలి.

ఎల్‌ఈడీ చారలు ఎక్కడివి

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ప్రతి ఊపులో రెండుసార్లు శిఖరానికి వెళుతుంది కాబట్టి మామూలు దీపం సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంది. కంటికి అది తెలియదు. షట్టర్ 1/100 ఉంటే ఒక పూర్తి చక్రం, 1/50 ఉంటే రెండు చక్రాలు లోపలికి వస్తాయి, వెలుగు సమంగా పడుతుంది. 1/1000 పెడితే ఆ చక్రంలో ఒక ముక్కే దొరుకుతుంది. సెన్సర్ పై అంచు ఒక క్షణంలో, కింది అంచు మరో క్షణంలో వెలుతురు చూస్తాయి కనుక ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి.

షట్టర్ తెర కదలకుండా సెన్సరే వరుసవారీగా ఫొటోను చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఇది ముదురుతుంది. మామూలు సెన్సర్ మొత్తాన్ని చదవడానికి సెకనులో ఇరవయ్యో వంతు నుంచి అరవయ్యో వంతు దాకా పడుతుంది. మెకానికల్ షట్టర్ అంతకన్నా చాలా వేగంగా ఫ్రేమ్ దాటుతుంది. పెళ్లిమంత్రాల మధ్య శబ్దం రాకూడదని సైలెంట్ మోడ్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టినవారికే చారలు ఎక్కువగా ఎదురవడానికి కారణం ఇదే. ఫంక్షన్ హాల్లో మెకానికల్ షట్టర్, 1/100, యాంటీ ఫ్లికర్ ఆన్. ఇవి మూడూ ముందే పెట్టుకోవాలి. తలంబ్రాల దగ్గర 1/500 తప్పనప్పుడు యాంటీ ఫ్లికరే దిక్కు. అది వెలుగు శిఖరంలో ఉన్న క్షణానికి షట్టర్‌ను కలుపుతుంది. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెరలు ఇంకా వేగంగా మినుకుతాయి, వాటికి ఇది పూర్తిగా సరిపోదు. కొన్ని కొత్త బాడీల్లో షట్టర్‌ను దశాంశాలతో సవరించే సదుపాయం దీనికోసమే ఇచ్చారు.

సీమ ఎండలో

మిట్టమధ్యాహ్నపు ఎండకు పాత ఫిల్ము లెక్క ఇప్పటికీ చెల్లుతుంది: ఐఎస్ఓ 100, షట్టర్ 1/100, ఎఫ్ 16. అదే ఎండలో ఎఫ్ 1.8 కావాలంటే షట్టర్ 1/8000 దగ్గరకు వెళ్లాలి. ఓర్వకల్లు రాళ్ల మధ్య మధ్యాహ్నం జంటను తీసేవారికి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టే, వెలుతురు తగ్గించే ముదురు గాజు) గానీ నీడ గానీ కావాలి. పట్టుచీర జరీ అంచు, తెల్ల పంచె ముందు కాలిపోతాయి. రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని కుదించకుండా ఉంచే ఫైలులో) తీసి వాటికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ తగ్గించుకోవాలి.

టెలీ లెన్సులకు ఎండ ఇంకో రకంగా అడ్డు వస్తుంది. వేడెక్కిన నేల మీద గాలి పొరలు అలల్లా ఊగుతూ కాంతిని వంచుతాయి. రోళ్లపాడులో పది దాటాక 600 ఎంఎంతో దూరపు జింకను తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా వెంట్రుకలు విడివిడిగా రావు. చాలామంది దీన్ని ఫోకస్ లోపమనుకుని లెన్సును సర్వీసుకు పంపుతారు. తెల్లవారుజామున అదే లెన్సుతో తీసి చూస్తే సంగతి తేలిపోతుంది.

డబ్బు ఎటు పెట్టాలి

పెళ్లిళ్లు తీసేవారికి మొదటి లెన్సుగా 24-70 ఎఫ్ 2.8 చాలా పనులు చేస్తుంది. అంత పెట్టలేకపోతే 35 ఎఫ్ 1.8, 85 ఎఫ్ 1.8 జత తక్కువ ఖర్చులో రాత్రి వెలుతురు ఇస్తుంది, లెన్సు మార్చే శ్రమ మాత్రం పడాలి. దుమ్ములో మార్చేటప్పుడు బాడీని కిందికి వంచి, గాలికి వీపు పెట్టి మార్చాలి. 70-200ను సీజన్‌లో అద్దెకు తెచ్చుకోవచ్చు. ఎఫ్ 1.2 లెన్సుల బరువు, ధర మన మండపాల్లో పెట్టుబడికి తగ్గ ఫలితం ఇవ్వవు, ఎందుకంటే ఆ అపెర్చర్‌లో జంట ఇద్దరూ ఫోకస్‌లో ఉండటం అరుదు.

ఏ లెన్సు కావాలో తేల్చడానికి ఎవరి ఫొటోలు వారి దగ్గరే ఉన్నాయి. గత సీజన్ ఆల్బంలోకి ఎక్కిన ఫొటోలను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోకల్ లెంగ్త్ వారీగా విడదీసి చూస్తే ఎక్కువ ఏ అంకె దగ్గర ఉన్నాయో కనిపిస్తుంది. క్రాప్ బాడీ ఫొటోలైతే ఆ అంకెను 1.5తో, కెనాన్ అయితే 1.6తో గుణించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్సును పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ఫంగస్ దారాలు, లోపలి దుమ్ము చూడాలి. ఆ తర్వాత అదే అపెర్చర్‌లో పేపరు అక్షరాలను నాలుగు మూలలా ఫ్రేమ్ చేసి, ఒక మూల మాత్రమే మసకగా ఉందేమో పరీక్షించాలి. అలా ఉంటే ఆ లెన్సు ఎప్పుడో కింద పడిందని, లోపలి గాజు పక్కకు జరిగిందని అనుమానించాలి.